నాలుగోది నీది

పొద్దున ఏడింటికి మా ఆయన మెట్లు దిగుతుంటే చంకలో ఒక తెల్లగుడ్డ మూట ఉండేది. అందులో నేను ముందురోజు బాగుచేసిన బట్టలుండేవి. సాయంత్రం ఐదున్నరకి అదే మూటలో కొత్తగా చిరిగినవి వచ్చేవి. మూట బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, "ఇదిగో, మీ చుట్టాలొచ్చారు" అనేవారు. ఒక్కొక్కటీ విప్పి చూపించేవారు. "ఈయన మేకుకి తగులుకున్నాడు. ఈవిడని ఎలుక పలకరించింది. వీడు సిగరెట్టు చేతిలో పెట్టుకుని కునుకు తీశాడు." చిరుగు చూసి మనిషి కథంతా చెప్పేవారు. నేను టీ పోస్తూ వినేదాన్ని. ఇరవై రెండేళ్లు అలా జరిగింది.

ఇప్పుడు ఏడింటికి మా మరిది బెల్లు కొడతాడు. లోపలికి రాడు. గుమ్మంలోనే నిలబడి మూట మార్చుకుని, "తొందరేం లేదు వదినా, సాయంత్రానికి చేసిపెడితే చాలు" అని దిగిపోతాడు. ఏ చిరుగు ఎవరిదో నాకు తెలీదు. గుండుసూదితో గుచ్చిన చీటీ మీద ఒక నంబరుంటుంది, అంతే.

ఆయనది లాండ్రీ షాపు. మా ఇంటికి మూడు వీధుల అవతల, మందుల షాపుకీ సైకిళ్ల షాపుకీ మధ్య ఇరుక్కుని, లోపలికి రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు బల్ల, దాని వెనక హేంగర్ల వరస, ఆ వెనక ఆవిరి ఇస్త్రీ యంత్రం. బోర్డు మీద మూడే మాటలు: లాండ్రీ, ఇస్త్రీ, రఫూ. చిరుగు కనబడకుండా పోగు పోగు అల్లి కలిపేయడాన్ని రఫూ అంటారు. మొదటి రెండూ ఆయన చేసేవారు. మూడోది నేను.

వీధిలో ఆయన్ని సాయంత్రంగారు అని పిలిచేవారు. ఎవరు ఏ బట్ట తెచ్చినా, ఎంత మొండి మరకైనా, ఆయన నోట ఒకటే మాట, "సాయంత్రానికల్లా." ఒకసారి సైకిళ్ల షాపతను నవ్వులాటకి సగం కాలిపోయిన కిటికీ తెర తెచ్చి బల్ల మీద పడేస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు సాయంత్రానికి" అన్నారట. ఆయన ఒక రోజు ఎక్కువ అడిగారని వీధంతా వారం రోజులు చెప్పుకుంది.

పొట్టి మనిషి. ఒంటి మీద బట్ట నలగనిచ్చేవారు కాదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు, ప్యాంటు మడత పోతుందని. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తుకోవాలంటే ముందు చొక్కా విప్పి హేంగరుకి తగిలించేవారు. "మీ నాన్నకి నీ కంటే కాలరంటే ముద్దు" అని నేను దాన్ని ఉడికించేదాన్ని. ఆయన బనియనుతోనే దాన్ని భుజాన వేసుకుని, ఇల్లంతా తిప్పుతూ, గోడ మీది కేలండర్లో అంకెలు చదివి వినిపించేవారు. కోపం తెలియని మనిషి. నా మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

రఫూ పని నాకు మా అమ్మ నేర్పింది. అమ్మ బట్టల మిల్లులో, మగ్గం మీంచి దిగిన తానుల్లో తెగిన పోగులు వెతికి కలిపేది. ఆమె చూపు మందగించాక ఐదో క్లాసుతో నన్ను బడి మాన్పించి పక్కన కూర్చోబెట్టుకుంది. దారం బయటినుంచి తేకూడదు, ఆ బట్ట అంచు మడతలోంచి, ఎవరూ చూడని చోటునుంచి ఒక్కో పోగూ లాగి దాంతోనే కలపాలి. అలా కలిపితే కట్టుకున్నవాళ్లకే మళ్లీ చిరుగెక్కడో దొరకదు. పెళ్లయిన కొత్తలో ఒక ప్లీడరుగారి నల్లకోటుని ఎలుక కొరికేసింది, అదీ మా షాపులోనే. ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూలబడి, "మన పని అయిపోయిందే" అన్నారు. నేను కోటు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మర్నాడు ప్లీడరుగారు కోటు వెలుగులోకి పట్టుకుని ఎంతసేపు చూసినా చిరుగు కనబడలేదట. బోర్డు మీద మూడో మాట ఆ వారమే చేరింది.

ఇక ఆయన అలవాటు సంగతి చెప్పాలి. కంపెనీల్లో పాఠాలు చెప్పే ఒకాయన షాపుకి సూట్లు ఇచ్చేవాడు. చిన్న వ్యాపారమైనా సరే, కొత్త సంవత్సరం మొదలయ్యే ముందు ఏం చెయ్యాలో కాగితం మీద పెట్టుకోవాలి, నోటితో అనుకున్నవి ఫిబ్రవరికి గాలికి పోతాయి అని అతను చెప్పాడు. ఆ మాట ఆయనకి భలే పట్టుకుంది. అప్పట్నుంచీ ప్రతి డిసెంబరు ముప్పై ఒకటిన మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించి, కొత్త చొక్కాల మడతలో వచ్చే తెల్ల అట్టముక్క ఒకటి తీసుకుని ఇంటికొచ్చేవారు. భోజనం చేశాక బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆలోచించేవారు. రాసేటప్పుడు నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు. రాశాక చదివి వినిపించేవారు.

పెద్ద పెద్ద కోరికలేం కావు. ఇస్త్రీ పెట్టె వైరు మార్చాలి. తెల్లవి ఒక బుట్ట, రంగువి ఒక బుట్ట. బొత్తాం ఊడి ఉంటే అడగకుండానే కుట్టివ్వాలి. ఒక ఏడాది, "సాయంత్రం అనే మాట తగ్గించాలి" అని రాసుకుని, దాన్ని ఏప్రిల్లో కొట్టేశారు. ఏడాదికి మూడు. ఆయన లెక్కలో మూడే చెయ్యగలం, నాలుగోది పెడితే మొదటిది పోతుంది.

అయినా నాలుగోది ఉండేది. మూడూ చదివాక కళ్లజోడు పైకి తోసుకుని నా వైపు చూసేవారు.

"నాలుగోది నీది."

"ఏంటది?"

"బోర్డు మీద నీ పేరు. రఫూ అన్న మాట పక్కన."

మొదటిసారి నేనే అడిగాను. ఎవరి చేతి పనో నలుగురికీ తెలిస్తే బాగుంటుంది కదా అన్నాను. ఆయన నవ్వి, "తెలియాలి మరి" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయనే చదివేవారు. "ఈసారి ఎర్ర రంగుతో", "ఈసారి నా పేరు కంటే పెద్దక్షరాలతో." అట్ట మీద వేలు పెట్టి, ఒక్కో మాట కిందా జరుపుతూ చదివేవారు. బోర్డు రాసేవాడు దొరకలేదనీ, వాన పడుతోందనీ, షట్టరుకి రంగు వేశాక చూద్దామనీ ఏడాది దొర్లిపోయేది. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. రాసుకున్నారు కదా, ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది అనుకునేదాన్ని. పంతొమ్మిది సార్లు విన్నాను.

షాపుకి నేను పెద్దగా వెళ్లేదాన్ని కాదు. "ఆ ఆవిరిలో నీకెందుకు, కళ్లు పాడవుతాయి" అనేవారు. నా కళ్ల మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందని నేను మా అమ్మతో కూడా గొప్పగా చెప్పుకున్నాను.

సెప్టెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం, ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడినవారు నిలబడినట్టే ఒరిగిపోయారు. గుండె. నేను వెళ్లేసరికి మందుల షాపాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా నలిగింది. నాకు మొదట కనిపించింది అదే.

రెండో వారంలో ప్లీడరుగారు పలకరించడానికి వచ్చారు. పెద్దమనిషి, ఇప్పుడు కోర్టుకి వెళ్లడం తగ్గించారట. మా హాల్లో కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగారు.

"మాస్టారికి చెప్పారా అమ్మా?" అన్నారు.

"ఏ మాస్టారండీ?"

"అదే, మన రఫూ మాస్టారు. పాపం పెద్దాయన తట్టుకోగలడో లేదో. ఎనభై దాటిన మనిషి, పైగా ఒక కన్ను లేదు. భార్య పోయాక మీవారే కదా ఆయనకి దిక్కు. వారం వారం భోజనం కూడా తీసుకెళ్లి ఇచ్చేవారటగా."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన తన కోటు చెయ్యి ముందుకు చాపి మణికట్టు దగ్గర చూపించారు. "ఇది చూడండి. పోయినేడాది కారు తలుపులో పడింది. ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం. నేనైతే ఓడిపోయాను. మా జడ్జిగారు కూడా అంటారు, ఈ మాస్టారి చేతికి దణ్ణం పెట్టాలని."

నేను కనిపెట్టగలను. మణికట్టు బొత్తానికి రెండు వేళ్లు పైన. కోటు అడుగు మడతలోంచి పద్దెనిమిది పోగులు లాగాను దానికి.

ఆ క్షణంలో నేను నోరు తెరిచి చెప్పేసేదాన్నే. కానీ గోడ మీద ఆయన ఫొటో ఉంది, ఎదురుగా ఆయన్ని దేవుడిలాంటి మనిషని తలుచుకుంటున్న పెద్దాయన ఉన్నారు. "చెప్పామండీ" అన్నాను.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండీ."

"అంతే. ఎవరితోనూ మాట్లాడరని మీవారు అనేవారు. ఎన్నిసార్లు అడిగానో, ఒక్కసారి చూపించవయ్యా ఆ మహానుభావుణ్ణి అని. మనుషులంటే బెరుకండీ ఆయనకి అనేవారు." లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "రెండేళ్ల కిందట చలికాలంలో ఆయనకని ఒక శాలువా పంపించాను. గోధుమ రంగుది. కప్పుకుంటున్నారా?"

ఆ శాలువా ఇంతసేపూ ప్లీడరుగారు ఆనుకున్న కుర్చీ వీపు మీదే ఉంది. రెండేళ్ల కిందట మా ఆయన దాన్ని నా భుజాల మీద కప్పి, "నీకని తెచ్చాను" అన్నారు. "మగవాళ్లదిలా ఉందే" అంటే, "వెచ్చగా ఉందా లేదా అది చెప్పు" అన్నారు. పెళ్లయ్యాక నేను అడగకుండా ఆయన తెచ్చిన వస్తువు అదొక్కటే.

"కప్పుకుంటున్నారండీ" అన్నాను.

శనివారం మా అమ్మాయి వచ్చింది. పక్క ఊళ్లో ఉద్యోగం, వారానికోసారి వస్తుంది. సంచీ దించకముందే అడిగాను.

"మాస్టారెవరే?"

అది చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పారని అడుగుతున్నావంటే నీకు తెలుసన్నమాట."

"అబ్బా, అది షాపు మాటమ్మా. మొదట్లో ప్లీడరుగారు ఎవరు చేశారని అడిగితే నాన్న నోటికొచ్చింది చెప్పాడట, పెద్ద మాస్టారున్నాడని. ఇంట్లో ఆడవాళ్లు చేశారంటే అంత ఖరీదైన కోట్లు ఇస్తారో ఇవ్వరో అని. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాడు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏడో క్లాసునుంచి. షాపులో నన్నే అడిగారెవరో, మాస్టారి ఇల్లెక్కడ పాపా అని. వంతెన అవతల అని చెప్పమన్నాడు నాన్న. చెప్పాను." నన్ను నవ్వించాలని కాబోలు, "అమ్మమ్మ పోయినప్పుడు నువ్వు రెండు వారాలు సూది పట్టలేదు కదా. అప్పుడే మాస్టారి భార్యని చంపేశాడు నాన్న. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పాపం ఆయనకి కన్ను పోయింది" అంది.

నేను నవ్వలేదు. దాని నవ్వూ ఆగిపోయింది.

"మీ బాబాయికి తెలుసా?"

"బాబాయికీ, షాపు పక్కవాళ్లకీ తెలుసేమోనమ్మా. నీకు తెలిస్తే బాధపడతావని ఎవరూ అనలేదు."

మా అమ్మ చావు, నా జ్వరం ఆ ముసలాయన తీసుకున్నాడు. వారం వారం నా చేతి వంట కూడా ఆయనే తిన్నాడట. నా ఇంట్లో నేను పెంచిన పిల్ల పన్నెండేళ్ల వయసునుంచి నా మొహం చూస్తూ ఈ మాట కడుపులో దాచుకుంది. ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. ఆయన మీద కోపం వచ్చిన ప్రతిసారీ, ఒరిగిపోయి నేల మీద ఉన్న ఆ మనిషే కళ్లముందుకు వచ్చేవారు, కోపం సగంలో ఆగిపోయేది.

ఒక్కటే పట్టుకుని నిలబడ్డాను. నలుగురి ముందూ నన్ను దాచారు, నిజమే. ఏదో భయంతో దాచారు. కానీ మనసులో అది తప్పని తెలుసు, అందుకే ప్రతి ఏడూ నాలుగోది రాసుకున్నారు. చెయ్యలేకపోయారు, అంతే. రాసుకున్న మాట రాసినట్టే ఉంది కదా. ఆ అట్టముక్కలన్నీ షాపు బల్ల సొరుగులో పెట్టేవారని నాకు తెలుసు. వాటిని తెచ్చుకోవాలి. నా పేరు ఆయన చేతిరాతలో ఒక్కసారి చూసుకుంటే చాలు, మిగతాదంతా మింగేస్తాను అనుకున్నాను.

డిసెంబరు ముప్పై ఒకటిన పొద్దున మా మరిది మూటతో పాటు ఒక మాట కూడా తెచ్చాడు. "మధ్యాహ్నం ఒకసారి షాపుకి రండి వదినా. అన్నయ్యలాగే కొత్త సంవత్సరానికి ప్లాన్ రాద్దాం. మీరు లేకుండా ఎలా?"

నాకు సంతోషమే అయింది. రెండింటికి వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లేసరికి అద్దాల కిటికీ దగ్గర కొత్తగా ఒక కుర్చీ, దాని మీదికి వంగిన దీపం, చిన్న బల్ల మీద సూదులు, దారపుండలు ఉన్నాయి. కుర్చీలో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన, ఒక కంటి మీద నల్లద్దం ఉన్న కళ్లజోడుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమమ్మా. నేనేనటండీ మాస్టారిని."

తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేసే పని చేసి రిటైరయ్యాడట. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒప్పుకున్నానన్నాడు. "సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఇంకా రాలేదమ్మా. మీ మరిదిగారు, కిటికీలోంచి చూసేవాళ్లకి అది తెలీదులే అన్నారు."

"మీరు కూర్చోండి మాస్టారూ" అన్నాడు మా మరిది. తర్వాత నాకు ఒక కాగితం చూపించాడు, ప్లాస్టిక్ తొడుగు వేయించి ఉంది. "చూడండి వదినా. ఈ ఏడాది ఒకటి, మాస్టారు కనబడాలి. అందరూ అడుగుతున్నారు, నిజంగా ఉన్నాడా అని. రెండు, రఫూ పని రెట్టింపు కావాలి. మూడు, వంతెన అవతల ఇంకో షాపు. మీరు చేసేది మీరు చేస్తూనే ఉంటారు, ఇంట్లో హాయిగా. మీకేం లోటు రానివ్వను."

నేను ఆ కాగితం పక్కన పెట్టి, "మీ అన్నయ్య అట్టముక్కలేవి?" అని అడిగాను.

"అవెందుకిప్పుడు?"

"చూడాలి."

సొరుగులోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీసిచ్చాడు. ఇస్త్రీ యంత్రం దగ్గరికి వెళ్లి, దాని పక్క స్టూలు మీద కూర్చుని విప్పాను. నేను చదవడం నెమ్మది. అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఒకటి, ఇస్త్రీ పెట్టె వైరు మార్చాలి. రెండు, బుట్టలు. మూడు, హేంగర్లు ఇంకో వంద. ఆ కింద అట్ట తెల్లగా ఉంది.

వెనక్కి తిప్పి చూశాను. రెండోది తీశాను. మూడే ఉన్నాయి. మూడోదీ, నాలుగోదీ అంతే. ఒక్కో అట్టనీ ఒళ్లో పెట్టుకుంటూ పోయాను. పంతొమ్మిదింటిలోనూ ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత ఖాళీ. కొట్టేసిన గుర్తు గానీ, చెరిపేసిన మరక గానీ లేదు. ఎక్కడా నా పేరులో మొదటి అక్షరం కూడా లేదు.

ఖాళీ అట్ట మీద వేలు జరుపుతూ చదివారన్నమాట. ఎర్ర రంగుతో, పెద్దక్షరాలతో అని. నేను ఎదురుగా కూర్చుని, పిచ్చిదానిలా మురిసిపోయాను. పక్కకి వంగి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. చూడాలని కూడా అనిపించలేదు.

ఒక అట్ట మీద మూడోది ఇలా ఉంది: "మాస్టారు ఊరెళ్లాడని ఈ ఏడు రెండుసార్లకి మించి చెప్పకూడదు." ఏ సంవత్సరమో మూల మీద రాసి ఉంది. అంతకు ముందు ఏడు నాకు రెండో కడుపు నిలవలేదు. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి మంచం పట్టాను. ఆయన నా పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసి ఉంచిన రోజులవి. ఆ చెయ్యి కూడా నిజమే.

కట్టకి మళ్లీ రబ్బరు బ్యాండు వేశాను. మా మరిది దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"నీ కాగితంలో నాలుగోది రాయి."

"ఏం రాయమంటారు?"

"బోర్డు మీద నా పేరు."

మరిది పెద్దాయన వైపు చూసి గొంతు తగ్గించాడు. "వదినా, మీరు అర్థం చేసుకోవాలి. ఇప్పుడు మీ పేరు పెట్టామనుకోండి, ఇరవై ఏళ్లుగా అన్నయ్య అందరికీ అబద్ధం చెప్పాడని మనమే దండోరా వేసినట్టు. పోయినవాడు వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాడా? ప్లీడరుగారేమనుకుంటారు? అన్నయ్య మొహం ఏమవుతుంది? మీరే ఆలోచించండి."

"నా మొహం సంగతి?"

"మీ మొహానికేమైంది వదినా? మీరెవరో ఎవరికీ తెలీదు కదా."

ఓదార్పుగానే అన్నాడు. అతనికి నిజంగా అందులో తప్పేం కనబడలేదు. పెద్దాయన మాత్రం కిటికీ వైపు తిరిగి, చేతిలో సూదిని దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. నేను వస్తుంటే లేచి నిలబడి, "అమ్మా, నాకీ విషయం ఇలా ఉంటుందని చెప్పలేదండీ" అన్నాడు. "మీ తప్పేం లేదండీ" అని బయటపడ్డాను.

మర్నాడు ఒకటో తారీఖు. ఏడింటికి బెల్లు మోగింది. ఈసారి మూట లేదు, హేంగరుకి తగిలించిన ఒకే ఒక్క కోటు ఉంది. నీలం ఉన్ని కోటు.

"హోటల్ మేనేజరుగారిది వదినా. నిన్న సాయంత్రమే కిటికీ దగ్గర మాస్టారి చేతికే ఇచ్చి వెళ్లాడు. రేపు పొద్దున తొమ్మిదికి వస్తాడు. అందరి ముందూ మాస్టారి చేతుల మీదుగానే ఇప్పిద్దాం, ఫొటో కూడా తీయిస్తాను. కొత్త సంవత్సరంలో మొదటి పని. కాస్త మనసు పెట్టి చెయ్యండి."

"నిన్న నేనడిగింది?"

"చూద్దాం వదినా. షట్టరుకి రంగు వేశాక చూద్దాం."

వాళ్లన్నయ్య మాటే. అదే తీరులో, మెత్తగా, కళ్లు పక్కకి తిప్పుకుని. కోటు అందుకుని తలుపు వేశాను.

ఇంటి పని ముగించి, మధ్యాహ్నం కోటు కిటికీ దగ్గర బల్ల మీద పరిచాను. కుడి జేబు పక్కన తలుపు గడియకి తగులుకున్న చిరుగు, బొటనవేలంత ఉంది. పోగులు మరీ తెగలేదు. నా చేతికి రెండు గంటల పని. లోపలి అంచు విప్పి ఒక పోగు లాగాను. సూదిలో ఎక్కించాను. వేళ్లు వాటంతట అవే చిరుగు అంచుని పట్టుకుని దగ్గరికి లాగాయి. ఎన్ని వేలసార్లు చేశాయో అవి ఆ పని.

ఆయన అబద్ధమాడారని నా నోటితో నేను ఎవరితోనూ అనలేను. ప్లీడరుగారు రేపు వచ్చి అడిగినా అనలేను. మా మరిదికి అది బాగా తెలుసు, అందుకే అంత ధీమాగా మెట్లు దిగి వెళ్లాడు. కావాలని వంకరగా కుట్టి పంపిద్దామా అనుకున్నాను. ఒక పోగు అడ్డంగా వేసి చూశాను కూడా. చూడలేక వెంటనే లాగేశాను. అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి, చెడగొట్టడం దానికి రాదు.

కానీ మాస్టారున్నాడు కదా. కిటికీలో దీపం కింద కూర్చున్నాడు, ఊరంతా చూసింది, కోటు ఆయన చేతికే ఇచ్చారు. ఎవరు చేస్తారని చెప్పారో వాళ్లే చెయ్యనీ. నేనెవరో ఎవరికీ తెలీదు కాబట్టి, నేను చెయ్యకపోతే కూడా ఎవరికీ తెలియకూడదు మరి. మేనేజరుగారు రేపు ఇంకో కోటు వేసుకుంటారు. ఆ పెద్దాయన్ని తలుచుకుంటే కాస్త జాలేసింది. ఎల్లుండినుంచి నేనేం చెయ్యాలో, ఏ సూదితో బతకాలో ఇంకా అనుకోలేదు.

సూదిలోంచి పోగు తీసేశాను. విప్పిన లోపలి అంచుని మళ్లీ నీటుగా కుట్టాను, అది నేను విప్పింది కాబట్టి. కోటుని దులిపి, భుజాలు సరిచేసి, చీటీ ఊడిపోకుండా గుండుసూది ఇంకోసారి గుచ్చాను. తర్వాత చిరుగు పైకి కనబడేలా మడిచి, గుమ్మం పక్కన కుర్చీ మీద పెట్టాను.